ముప్పావు అంగుళం

తుపాకీ మేస్త్రీని ఎంచుకునే ముందు అయిదు ప్రశ్నలు అడగమని కోచ్ శ్రీకాంత్ సారు కాగితం మీద రాసిచ్చాడు. లైసెన్సు ఉందా. ఈ రకం రైఫిలు ఇంతకుముందు ఎన్ని ముట్టుకున్నాడు. చెక్క ఎంత తీసేదీ ముందే చెప్తాడా. పాడైతే ఎవరిది పూచీ. చెయ్యి పెట్టేముందు నువ్వు గురి పట్టడం చూస్తాడా. మొదటి నాలుగూ ఎవరైనా అడిగేవే. ప్రశాంతికి అన్నం సయించనివ్వనిది అయిదోది.

బెంగుళూరు మేస్త్రీ అయితే అడక్కముందే అన్నిటికీ జవాబు చెప్పేశాడు. "సోమవారం రండి. ముందు మీరు రైఫిలు ఎత్తడం చూస్తాను. రెండు కళ్ళూ పరీక్ష చేస్తాను. ఆ తర్వాతే చెక్క సంగతి" అన్నాడు ఫోనులో, ఎంతో మర్యాదగా. అన్ని అర్హతలూ ఉన్న మేస్త్రీ దొరికాడు. అందుకే ఆయన పనికిరాడు.

నెలరోజుల నుంచీ ఆమె కుడి కన్ను మసకేస్తోంది. జర్మనీ నుంచి రైఫిలు వచ్చిన కొత్తలో, వెనక సైటు రంధ్రంలోంచి చూస్తే యాభై మీటర్ల అవతలి నల్లచుక్క కాటుకబొట్టులా కుదురుగా కనిపించేది. ఇప్పుడదే చుక్క తడి కాగితం మీద సిరాలాగా పాకిపోతోంది. సైటు అద్దాన్ని పైనుంచి ఎన్నిసార్లు తుడిచినా అంతే. పాత రైఫిలు క్లబ్బుది, తిరిగి ఇచ్చేసింది. రాష్ట్ర జట్టు ఎంపికకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. కంటి ఆసుపత్రిలో మూడుసార్లు పేరు రాయించుకుని మూడుసార్లూ రద్దు చేసుకుంది. డాక్టరు కాగితం మీద రాస్తాడు, ఆ కాగితం ఎక్కడెక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?

జేజికి, అంటే నాయనమ్మ సుబ్బలక్ష్మమ్మకు, కుడి కన్ను నలభై ఏళ్ళకే పోయింది. "అచ్చం జేజి కండ్లే వచ్చినాయి పాపకి" అని చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ మురిసిపోయేవాళ్ళు. ఆ మాట ఇప్పుడు ఆమెకు రోజూ గుర్తొస్తోంది.

బుక్కరాయసముద్రంలో వాళ్ళ మేడ మీద నిలబడితే చెరువు కనిపిస్తుంది. ఆ సాయంత్రం కూడా ఆమె ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చెరువు అవతలి గట్టు చూసింది. గట్టు ఉంది, మసగ్గా. కుడి కన్ను మూసుకుని చూసింది. అప్పుడూ కాస్త మసగ్గానే ఉందా? దుమ్మా, పొగా, కన్నా? అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా.

ఉపాయం మాత్రం ఒకటి దొరికింది. రైఫిలుకు చెంప ఆనించే చోట చెక్కను లోపలివైపు ముప్పావు అంగుళం తీసేస్తే, ముఖం అటు జరుగుతుంది, ఎడమ కన్ను సైటు వెనక్కి వస్తుంది. చూసేవాళ్ళకు తల కొంచెం వంచినట్టుంటుంది, అంతే. ఎవరి అలవాటు వాళ్ళది! కావలసిందల్లా ఎందుకని అడగకుండా కోసిపెట్టే మనిషి.

"జర్మనీ తుపాకీని తీసుకపోయి గుమ్మఘట్టలో కోయిస్తావా? తిక్కగాని పట్టిందా నీకు?" అన్నాడు తండ్రి దివాకర్, భోజనాల దగ్గర.

"తాత తుపాకీకి కట్టె వేసింది ఆ సాబే గదా నాయనా."

"అది నలభై ఏండ్ల నాటి మాట పాపా. ఆ ముసలాయనకు ఇప్పుడు చూపు గూడా ఆనదంట. ఏమప్పా ఆంజినప్పా, నువ్వే గదా చెప్పింది?"

వాకిట్లో జీపు తుడుస్తున్న డ్రైవరు ఆంజినప్ప తలూపాడు. "అవున్నా. పోయినసారి మన తుపాకీ క్లీనింగుకు ఇస్తే, నన్ను చూసి నాగప్పా బాగుండావా అన్నాడు."

అందరూ నవ్వారు. ప్రశాంతి నవ్వలేదు. ఆ మాట ఆంజినప్ప దసరా ముందే ఆమెకు చెప్పాడు. ఆ మాట విన్నందుకే గుమ్మఘట్ట గుర్తొచ్చింది.

దివాకర్ కూతురి ముఖం కేసి కాసేపు చూసి, చెయ్యి కడుక్కున్నాడు. "నీ ఇష్టం. చెడిపోతే మాత్రం నా దగ్గరకొచ్చి ఏడ్వొద్దు. సోమవారం దాకా బెంగుళూరాయనకు నేనేం చెప్పను."

*

శనివారం పొద్దున్నే బయల్దేరారు. శెనక్కాయ పీకేసిన చేలు ఎర్రగా, ఖాళీగా పడున్నాయి. రాయదుర్గం దాటాక గుట్టల మీద గాలిమరలు వరసగా నిలబడి, ఎవరికో నెమ్మదిగా చేతులూపుతున్నట్టు తిరుగుతున్నాయి. ఎండ ఇంకా ముదరలేదు. రోడ్డు మీద గొర్రెలమంద అడ్డొస్తే ఆంజినప్ప జీపు ఆపాడు. మంద వెనకాల మనిషి కన్నడంలో గొర్రెలను తిడుతూ, తెలుగులో వీళ్ళను క్షమించమని అడుగుతూ సాగిపోయాడు. ప్రశాంతి పక్క సీటు మీదున్న రైఫిలు పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఏదో నీళ్ళ అడుగున పోతున్నట్టుంది ఆమెకు, అన్నీ మెల్లగా, చప్పుడు లేకుండా.

బాబా ఫకృద్దీన్ సాబ్ కొట్టు పిండిమర పక్కన ఉంది. గోడకు అద్దం కట్టించిన లైసెన్సు. దాని పక్కన మేకుల వరసకు ఉలులు, ఆకురాళ్ళు, చిన్న రంపాలు. డెబ్బై దాటిన మనిషి, తెల్లగడ్డం, సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. పలకరింపులయ్యాక ఆయన మేకులను వేళ్ళతో లెక్కబెట్టుకుంటూ పోయి నాలుగో మేకు దగ్గర ఆగి గుడ్డ తీసుకున్నాడు. నిజమే, కనపడదు. ఆమె గుండె కుదుటపడింది. ఆ వెంటనే సిగ్గేసింది కూడా.

కాగితం తీసి అడగాల్సినవి అడిగింది, మాటవరసకు.

"ఈ రకం తుపాకీలు ఎన్ని ముట్టుకున్నారు తాతా?"

"ఒక్కటీ లేదు బేటీ. ఇదే మొదలు." దాచుకున్నట్టు లేదు, సిగ్గుపడ్డట్టూ లేదు. "కుందాలు పాడు చేసింది మటుకు రెండు ఉండాయి. అవి గూడా చెప్తా, కావాలంటే."

కుందా అంటే రైఫిలు చెక్క. ఆయన రైఫిలును ఒడిలోకి తీసుకుని ముందు బోల్టు తెరిచి, చిటికెన వేలు లోపలికి పెట్టి, గుండు లేదని తడిమి చూసుకున్నాడు. ఆ తర్వాత మొదట్నుంచి చివరిదాకా రెండు చేతులతో నిమిరాడు. "ఆహా, ఏం కట్టె! దీన్ని కోసేదానికి ఎవరికి మనసొస్తాది? ఎంత తీయాలంటావు?"

"ముప్పావు అంగుళం. లోపలి పక్క."

"ఎందుకు?"

అడగడనుకుందే! "చెంప ఎముక నొస్తాంది తాతా."

"ఊఁ" అన్నాడాయన. కొడుకు ప్రేమించి తెచ్చుకున్న కోడలు చౌడేశ్వరిని కేకేసి పిండిమర నుంచి గుప్పెడు బియ్యప్పిండి తెమ్మన్నాడు. చెంప ఆనే చోట పలచగా చల్లాడు. "లెయ్యి బేటీ. కండ్లు మూసుకో. గురి పట్టినట్టు ఎత్తు. దించు. మళ్ళా ఎత్తు."

కళ్ళు మూసుకుని పదిసార్లు ఎత్తింది. పిండిమర చప్పుడు, కొత్తపిండి వాసన, మూసిన రెప్పల మీద ఎండ. చీకట్లో రైఫిలు తనంతట తానే వచ్చి భుజంలో కూర్చున్నట్టుంది. నెల రోజుల్లో అంత హాయిగా ఎప్పుడూ లేదు. పదోసారి దించాక ఆయన చెక్క మీద వేళ్ళు ఆనించి, పిండి చెరిగిన చోటు తడిమాడు. బొటనవేలంత జాగా. పదిసార్లూ ఒకే చోట.

ఆయన మళ్ళీ పిండి చల్లాడు. "ఇప్పుడు కండ్లు తెరిచి, ఆ గుట్ట మీది గాలిమరకు గురి పట్టు."

పదిసార్లు ఎత్తింది. ఈసారి పిండి జానెడు పొడుగునా వంకరటింకరగా చెరిగింది. ఆయన వేళ్ళు ఆ వంకరలన్నీ ఒకటొకటిగా చదివాయి. వెనక సైటు విప్పి ముఖం దగ్గర పెట్టుకున్నాడు. చూపు ఆనక దగ్గర పెట్టుకున్నాడనుకుందామె. చాలాసేపు అట్లాగే ఉన్నాడు.

"ఇది ఈడ పెట్టి పో. కుందా నీ దగ్గరే ఉండనీ. రేపు పొద్దున రా."

"రేపు కోస్తారా?"

"రేపు చూద్దాం" అన్నాడు సాబ్, టీ గ్లాసు కోసం బల్ల మీద తడుముకుంటూ.

ఆ రాత్రికి రాయదుర్గంలో మేనత్త వనజాక్షి ఇంట్లో దిగాలి. దారిలో ఆంజినప్ప ఉండబట్టలేకపోయాడు. "చూసినావా పాపా? టీ గ్లాసు గూడా దొరకబట్టలేకపోతాండాడు. ఆయన చేతికి రంపం ఇస్తావా? కోసింది మళ్ళా అతుక్కుంటాదా?"

"ఇస్తా" అంది ప్రశాంతి.

"రాత రాసినోడు గూడా ఇంత మొండోడు గాదు" అని ఆంజినప్ప గేరు మార్చాడు.

*

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి కొట్టు ముందు బండ మీద ఎండలో ఒక గాజుగ్లాసు బోర్లించి ఉంది. పైన తడిగుడ్డ కప్పి ఉంది. పక్కన స్టూలు మీద సాబ్. మేకుల వరసలో రంపాలు ఉండాల్సిన చోట ఏమీ లేవు.

"కూచో బేటీ. మసక పొద్దున ఎక్కువా, మధ్యాన్నం ఎక్కువా?"

ప్రశాంతి కూర్చోబోతూ ఆగింది. "ఏంది తాతా?"

"కన్ను."

పిండిమర ఆదివారం మూతపడింది. ఆ సందులో చప్పుడేమీ లేదు. అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, చెప్పాలనిపించలేదు. నెలరోజుల బరువు, ఎక్కడో ఒకచోట దించాల్సిందే గదా.

"పొద్దున ఎక్కువ" అంది. "ఎండలో కాలుస్తా ఉంటే మెల్లగా తేటపడ్తాది."

"నాది అట్లా కాదు. ఎండ ముదిరేకొద్దీ ముంచుకొస్తాది." ఆయన ముఖం ఆమె వైపు తిప్పాడు, కొంచెం పక్కకు. "వాడేకొద్దీ తేటపడే కన్ను నేను ఇంతవరకూ వినలే. ఎడమ కంటితో ఆ సైటులోంచి ఎప్పుడన్నా చూసినావా?"

"లేదు."

"ఏం? తుపాకీ బల్ల మీద పెట్టి చూస్తే సరిపోతాండె గదా."

"భయం తాతా. ఎడమది గూడా మసగ్గా కనపడితే నాకింకేం మిగుల్తాది?"

సాబ్ చెయ్యి చాచి గుడ్డ కోసం తడిమి, తీశాడు. "ఎడమ కన్ను మూసుకో. కుడి కంటితో ఈ గ్లాసు లోపల చూడు. ఏమన్నా పట్టిందా? నాకు కనపడదు."

ఆమె బండ మీదికి వంగింది. గ్లాసు కింద వెచ్చటి బండ మీద సైటు ఉంది. గ్లాసు లోపల, చల్లటి అడుగు దగ్గర, తెల్లగా సన్నటి నూగు పట్టి ఉంది, సజ్జకంకి మీద ఉన్నట్టు. ఒక్కో నూగుకు మళ్ళీ పక్కకు చీలిన కొమ్మలు. ఆ కొమ్మల మీద ఎండ తళుక్కుమంటోంది. వెంట్రుక కంటే సన్నటివి. ఒకటీ, రెండూ, మూడూ... పదిహేను దాకా లెక్కపెట్టాక ఆమెకు తెలిసింది, తను కుడి కంటితో లెక్కపెడుతోందని.

"ఏముంది బేటీ?"

"తెల్లగా... సన్నసన్నగా... ఒక్కొక్కటీ కనపడ్తాంది తాతా! అన్నీ కనపడ్తాండాయి!"

"వాసన చూడు."

గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. జేజి గది. దేవుని అలమార. పట్టుచీరల పెట్టె. ఒక్కసారిగా ఇల్లంతా ఆ గ్లాసులో ఉంది.

"కర్పూరం" అంది.

"మీ ఇంటోళ్ళకు తెలీదులే, అలవాటైపోయింటాది. నిన్న నువ్వు గడప తొక్కంగానే నాకు కొట్టింది. చూపు తగ్గినప్పటి నుంచి ముక్కు శానా పని చేస్తాంది నాకు. మూసిన పెట్టెలో పగలు వేడికి కరిగి లేస్తాది, రాత్రి చల్లబడినాక అద్దం మీద కూచుంటాది. ఈ సైటులో అద్దాలు ఒకదాని వెనక ఒకటి. పైన నువ్వు ఎంత తుడిచినా లోపలిది పోతాదా?"

జీపు దగ్గర ఆంజినప్ప తల గోక్కుంటున్నాడు. గోక్కునే తీరు చూస్తేనే తెలిసిపోయింది.

"ఆంజినప్పన్నా!"

"నన్ను అనొద్దు పాపా. ఆయుధపూజ నాడు జేజి పెట్టమనింది. పరాయి దేశం కట్టె, మన పురుగులకు తట్టుకోదు, నాలుగు బిళ్ళలు పెట్రా అనింది. నీకు చెప్తే తీసేస్తావని చెప్పొద్దనింది." పెట్టె తెరిచి లోపలి స్పాంజి కింద చెయ్యి పెట్టి మూట తీశాడు. జేజి పెళ్ళిచీర అంచు ముక్కలో కట్టిన మూట. "దీపావళి అమావాస్యకు ఇంకో గుప్పెడు వేసినా."

"ఇంకో గుప్పెడా!"

"తక్కువైతే జేజి ఊరుకుంటాదా పాపా?"

ప్రశాంతికి నవ్వొచ్చింది. నవ్వుతూ బండ మీద కూర్చుంది, కూర్చుని ఏడ్చింది. చౌడేశ్వరి నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయింది.

సైటు విప్పింది ప్రశాంతే. "నేను చెప్తా, నువ్వు తిప్పు. ఆ సన్న మరమేకులు కండ్లున్నోళ్ళ పని" అన్నాడు సాబ్. ఆయన వేళ్ళు ఆమె వేళ్ళ పక్కనే నడిచాయి. ఎంత బిగువు, ఎక్కడ ఆగాలి, ఏ అద్దం ముందు, ఏది వెనక, తీసినవి తీసిన వరసలోనే తెల్లగుడ్డ మీద. పాత పంచె ముక్కతో ఒక్కో అద్దాన్నీ తుడిచి మళ్ళీ బిగించేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సైటు రైఫిలుకు ఎక్కించి, ఖాళీదని మరోసారి చూసుకుని, బల్ల మీద ఆనించి గుట్ట వైపు పెట్టింది. ముందు ఎడమ కన్ను. తర్వాత కుడి కన్ను. రంధ్రంలోకి గాలిమర రెక్క ఒకటి తెల్లగా, అంచు పదునుగా వచ్చి, ఆగినట్టే ఆగి, మెల్లగా కిందికి దిగిపోయింది. ఆ వెనకే ఇంకొకటి వచ్చింది. ఆమె ఎన్ని రెక్కలు చూసిందో ఆమెకే తెలియదు.

"కోయొద్దులే తాతా" అంది చివరికి.

"నేను కోస్తానని ఎవరన్నారు? రంపాలన్నీ దాపెట్టమని నిన్ననే చౌడేశ్వరికి ఇచ్చినా. కండ్లు మూసుకుంటే పదిసార్లూ ఒకేచోట కూచుండె నీ చెంప. ఆ కుందాకేం తక్కువ?" సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "నాకు కనపడదని తెలిసే వచ్చినావు గదా బేటీ?"

ఆంజినప్ప జీపు కిందికి దూరి ఏదో చూడడం మొదలుపెట్టాడు.

"అవును తాతా."

"అట్లా వచ్చేటోళ్ళు ఈమధ్య ఎక్కువైనారు. ఒగడు తుపాకీ నంబరు అరగదీయమంటాడు. ఇంకొగడు లైసెన్సు లేని గొట్టం తెచ్చి, ఇది గడ్డపార సాబ్, కొంచెం సాపు చెయ్యి అంటాడు. గుడ్డోడు గదా, ఏం తెలుస్తాదని." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "కండ్లు పోతే పోయినాయి, చేతులు గూడా పోయినాయనుకుంటారు."

చెంప మీద కొట్టినట్టయింది. వాళ్ళకూ తనకూ తేడా ఎంత? ముప్పావు అంగుళం కూడా లేదు.

"తప్పయింది తాతా" అని, ఆయన కళ్ళద్దాల కేసి చూసి అడిగింది. "మీరు డాక్టరుకు చూపించుకోలేదా? శుక్లాలైతే తీసేస్తారు గదా."

"ఆపరేషన్ అంటే భయం లేదు నాకు. చూపిస్తే కాగితం మీద రాస్తాడు. ఆ కాగితం యాడికి పోతాదో ఎవరికి తెలుసు? లైసెన్సు తిరిగి రాసేటోళ్ళు అడిగితే? ఆ గోడ మీది అద్దం ఖాళీ అయితే నేనేం చేసేది ఈడ, పిండిమర చప్పుడు వింటా కూచునేదా?"

అవే మాటలు. అక్షరం పొల్లుపోకుండా ఆమె నెల రోజులుగా మేడ మీద నిలబడి తనకు తాను చెప్పుకున్న మాటలు. వేరే నోటి నుంచి వినేసరికి అవి ఎంత చిన్నపిల్లల మాటలో, ఎంత నిజమైన భయమో రెండూ ఒకేసారి తెలిశాయి.

"రేపు పొద్దున జీపులో ముందు సీటు మీది" అంది. ఆయన వద్దన్నాడు. చౌడేశ్వరి లోపలి నుంచి, "పోతాడమ్మా, నేను పంపిస్తా" అంది.

*

సోమవారం పదకొండు గంటలకు అనంతపురంలో కంటి ఆసుపత్రి వరండా నిండిపోయి ఉంది. సాబ్ ఉతికిన తెల్లచొక్కా, కొత్త టోపీ వేసుకొచ్చాడు. ఆంజినప్ప చెయ్యి పట్టుకుని దించి, బెంచీ మీద కూర్చోబెట్టాడు.

దివాకర్ ఫోను చేశాడు. "ఏమైంది పాపా? కోసినాడా?"

"లేదు నాయనా."

"మరి? బెంగుళూరాయనకు ఏం చెప్పల్ల?"

"వద్దని చెప్పు. ఆయన మంచోడే, నేనే ఆయనకు భయపడినా. ఇంటికొచ్చి అంతా చెప్తా. జేజిని మటుకు ఏమీ అనొద్దు."

"జేజిని ఎందుకంటా?" అన్నాడు దివాకర్ అయోమయంగా.

తమ వంతు వచ్చేలోపు ఆమె కోచ్ సారు కాగితం తీసి ఒళ్ళో పెట్టుకుంది. లైసెన్సు: ఉంది. ఈ రకం ఎన్ని: ఒక్కటీ లేదు. చెక్క ఎంత: ఏమీ తీయలేదు. పూచీ: అవసరం పడలేదు. అయిదో ప్రశ్న దగ్గర కలం కాసేపు ఆగింది. చెయ్యి పెట్టేముందు నువ్వు గురి పట్టడం చూశాడా?

చూశాడు, అని రాసింది.

"తర్వాతెవరు?" కిటికీ వెనక నర్సు కేకేసింది. "పేషంటు ఎవరమ్మా మీలో?"

"ఈ బిడ్డకే, ఈ బిడ్డకే" అన్నాడు సాబ్ గబగబా. బెంచీ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరికో ఒకరికి తొందరగా చెప్పండి, వెనక జనం ఉన్నారు."

ప్రశాంతి కిటికీ దగ్గరికి పోయింది. కుడి కన్ను బాగుందని ఇప్పుడామెకు తెలుసు. అయినా తనకు వచ్చింది జేజి కన్నే, ఎప్పుడో ఒకప్పుడు చూపించుకోవాల్సిందే. ఆమె వెనక్కి తిరిగి ముసలాయన వైపు చూసింది.

"ఇద్దరికీ రాయండి" అంది. "ముందు నాది రాయండి. ఆయన చూస్తా కూచుంటాడు."